ఊరే ఎరుపు

ఎర్ర రంగుకు ఒక పాడు గుణం ఉంది.
పైన ఎంత తెలుపు పూసినా
రాత్రికి రాత్రి ఊరి పైకొస్తుంది.
బోర్డులు రాసే ప్రతివాడికీ తెలుసు.
తెలిసే ఒప్పుకున్నాను ఆ బండిని.

యుద్ధం ఆగిన రెండో ఏడు.
బెంగళూరు దండు వేలంలో
తొమ్మిది వందల యాభైకి
ఖాదర్ మొహియుద్దీన్ పాడుకున్నాడు.
సీమలో పుట్టి ఓడెక్కి వచ్చిన ఆస్పత్రి బండి.
ముందు తలుపులకు రేకు లేదు, ఉత్త కాన్వాసు గుడ్డ.
దీపాలకు ఇంకా నల్ల ముసుగులు,
కత్తిగాటంత చీలికలోంచే
ఇన్నాళ్లూ దోవ చూసుకున్నట్టుంది పాపం.
లోపల నాలుగు స్ట్రెచర్ల చోటు,
కింద రెండు, పైన రెండు.

"రొట్టె తట్టలకు కొలిచి చేసినట్టుంది సుంకన్నా!"
సాయిబు మురిసిపోయాడు.
నేనూ టేపు పెట్టి చూశాను.
మనిషి పొడుగుకు మూడు తట్టలు.

ఉప్పుకాగితం పట్టి రుద్దాను.
అడవిపచ్చ పొడి.
దాని కింద ఇసుక రంగు, ఏ ఎడారిలో తిరిగిందో.
దాని కింద ఇంకేదో మట్టిరంగు, పేరు తెలియదు.
ఆ రాత్రి బ్లాక్‌పల్లి కొళాయి కింద తల వంచితే
మూడు రంగుల నీళ్లు కాలవలోకి పోయాయి.
తెల్లటి గుండ్రం మధ్య ఎర్ర క్రాసు మాత్రం
ఏ పొరకాపొర కొత్తగా వేసినట్టున్నారు,
రుద్దేకొద్దీ పలచబడిందిగానీ పోలేదు.

ఒక పూత. తెల్లారేసరికి గులాబీ.
రెండో పూత. తెల్లారేసరికి
జ్వరం జారిన పిల్ల బుగ్గంత గులాబీ.
మూడోదాని మీద డిసెంబరు మంచు పడి
మొత్తం చెడింది.

"లక్క కొట్టు. లక్క కొడితే ఆగదా?"
ఆగుతుంది.
డబ్బా కొనుక్కొచ్చాను కూడా.

ఆ పొద్దున వచ్చాడు చెంగల్రాయుడు.
పలమనేరు మనిషి, సాపర్ల పటాలం,
ఎడమ కాలు మోకాలి దాకానే.
అలసూరు నుంచి చంకకర్రల మీద వచ్చి
వెనక తలుపులోంచి చేయి చాచి
కింది ఎడమ పట్టీని తడిమాడు,
సంతలో ఎద్దు మెడ తడిమినట్టు.

"నేను ఈడ పండుకోనుంటి."

"ఇదే బండా?"

"యామో సామీ. అన్నీ ఒగే మూసలో పోసినారు గదా.
ఇంఫాల్ దోవ. గుంత గుంతకూ ఎగిరి పడతాంది.
నా పైన ఎవురో ఒగడు. మొగం చూడలా.
కాన్వాసు తడిసి బొట్టు బొట్టు నా రొమ్ము మీద.
ముందర నాదే అనుకుంటి, వెచ్చగా ఉండె.
చల్లబడినాక తెలిసె నాది గాదని."

పైవాడు మాట్లాడుతూనే ఉన్నాడట.
ఏ భాషో తెలియదు,
కొండల మాటో, తెల్లవాళ్ల మాటో.
ఇతను తెలుగులో బదులిచ్చాడట:
రాగిచేను, మొగిలి ఘాటు, చిన్నమ్మ ఉలవచారు,
అమ్మేసిన మేకపిల్ల,
నోటికొచ్చిందల్లా.

"ఊఁ కొడతాండె సామీ.
అర్థమైనట్టే ఊఁ కొడతాండె.
ఒగ వంతెన దాటినాక కొట్టలా."

నేనేమీ అనలేదు.
బ్రష్షు ఎండిపోతుంటే కిరసనాయిల్లో ముంచాను.

మధ్యాహ్నం ఆ గులాబీ మీదే
నీలం అక్షరాలు రాసేశాను.
మొహియుద్దీన్ బేకరీ, మూడు భాషల్లో.
తెలుగు ఎవరూ అడగలేదు.
"లక్క కొట్టావా?" అంటే కొట్టానన్నాను.
రంగు విషయంలో అబద్ధం ఆడకూడదని
మా నాయన చెప్పేవాడు.
డబ్బా ఇంకా గూట్లోనే ఉంది,
మూత బిగుసుకుపోయింది.

తెల్లవారుజామున బండి
అలసూరు చెరువు పక్కగా పోయేది,
ముందు రొట్టెల వాసన వచ్చేది, తరువాత చప్పుడు,
ఆ తరువాత
మలుపు తిరిగే తలుపుల మీద చెరగని మరక.

సందు మొగలో చెంగల్రాయుడు.
కింది తట్టలోది తీసిస్తే పుచ్చుకోడు.
"పైది," అనేవాడు, "ఎడమ పక్క పైది.
వెచ్చగా ఉందా, చూసి ఇయ్యి."